పీటా రొట్టె ఎందుకు పొంగలేదంటే

మూడు ఆదివారాలు వరసగా చేశాను. మూడుసార్లూ అట్టముక్కలే వచ్చాయి. మధ్యలో జేబులా విడిపోతేనే కదా అది పీటా! ఈస్ట్ పాతదేమోనని కొత్త ప్యాకెట్ కొన్నాను. తేడా లేదు.

అసలు తప్పు వేడి దగ్గర ఉంది. ఓవెన్ లైటు ఆరగానే కాగిందని నమ్మేసి, చల్లటి ట్రే మీద పెట్టి లోపలికి తోసేదాన్ని. జేబు వచ్చేది ముఖ్యంగా ఆవిరి వల్ల. పిండిలోని నీళ్లు గబుక్కున ఆవిరైతేనే పై పొర, కింది పొర విడిపోతాయి. అడుగు చల్లగా ఉంటే ఆ ఊపు రాదు.

ఈసారి ఇనప పెనాన్ని బోర్లించి ఓవెన్లో పెట్టి, 250 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు కాగనిచ్చాను. (ప్లాస్టిక్ పిడి ఉన్న పెనంతో మాత్రం వద్దు.) 300 గ్రాముల మైదాకు 195 మిల్లీలీటర్ల నీళ్లు, చెంచాడు ఈస్ట్, ముప్పావు చెంచా ఉప్పు, కాస్త ఆలివ్ నూనె. పిండి చేతికి అంటుకుంటుంటే ఇంకాస్త మైదా చల్లాలనిపిస్తుంది, ఆగాలి. గంటన్నరకు రెట్టింపయింది. ఆరు ఉండలు చేశాను. పుల్కాలా పల్చగా ఒత్తడం నా చేతికి అలవాటు, అదీ కొంప ముంచింది. అర సెంటీమీటరు మందం ఉండాలి, అంచులూ నడుమా ఒకేలా.

పెనం మీద వేసి అద్దంలోంచి చూస్తూ కూర్చున్నా. ముందు అక్కడక్కడా బుడగలు. కాసేపటికి అవన్నీ కలిసిపోయి పూరీలా లేచింది! నాలుగు నిమిషాల్లోపే తీసి గుడ్డలో చుట్టేశాను, లేదంటే గట్టిపడతాయి.

ఆరింటిలో ఐదు పొంగాయి. ఆరోదానికి ఒత్తేటప్పుడు గోరు గుచ్చుకుంది. హమ్మస్ చేసే ఓపిక లేక దోసకాయ పచ్చడితో తినేశాం.