సోషల్ టీచర్ సొంత సరంజామా – 5వ పాఠం: మీ దగ్గరున్నది ఏ 2011?

ఈ పాఠంలో మ్యాపులు మొదలుపెట్టాలి. సర్వే ఆఫ్ ఇండియా మ్యాపులు, భువన్ (ఇస్రో మ్యాపుల వెబ్‌సైట్) రెండూ వచ్చేసారికి జరిపాను. పోయినసారి జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్ (2011 జనగణన లెక్కలతో జిల్లాకొకటిగా వచ్చిన పుస్తకం) నుంచి మీ ఊరి వివరాలు ఒక పేజీకి ఎక్కించమంటే చాలామంది మధ్యలోనే ఆగిపోయారు. కొందరికి ఊరే దొరకలేదు. కొందరికి తెలంగాణ జనాభా రెండు రకాలుగా కనిపించింది. ఒక మేడమ్‌ని తొమ్మిదో తరగతి పిల్లలు "ఏది రైటు టీచర్?" అని నిలదీశారట. ముందు ఈ గొడవ తేల్చుకుందాం.

ఊరు దొరకని సంగతి చిన్నది. 2011 నాటికి ఉమ్మడి రాష్ట్రంలో ఉన్నవి 23 జిల్లాలే. తెలంగాణలో 10 ఉన్నవి 2016లో 31, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 ఉన్నవి 2022లో 26 అయ్యాయి. కాబట్టి ములుగు వాళ్లు వరంగల్ పుస్తకం తెరవాలి, సిరిసిల్ల వాళ్లు కరీంనగర్‌ది, నరసరావుపేట వాళ్లు గుంటూరుది, పార్వతీపురం వాళ్లు విజయనగరంది. చింతూరు ఇప్పుడు ఆంధ్రలో ఉన్నా లెక్క మాత్రం ఖమ్మం పుస్తకంలోనే ఉంది. మండలం కూడా పాతదే చూడాలి. డౌన్‌లోడ్ ఎలా అన్నది మళ్లీ చెప్పను, ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే వాళ్లే చేసిపెడతారు.

అసలు చిక్కు రెండోది. దీన్ని చూసీ చూడనట్టు వదిలేసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. స్టడీ మెటీరియల్ అమ్మేవాళ్లయితే మరీనూ.

2011 మార్చి 31న వచ్చినవి తాత్కాలిక లెక్కలు. వాటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 8,46,65,533. తుది లెక్కల్లో అది 8,45,80,777 అయింది. దేశ అక్షరాస్యత తాత్కాలికంగా 74.04 శాతం, తుదిలో 72.99. రెండింటి మీదా "2011" అనే ఉంటుంది. తుది అంకె దొరికాక తాత్కాలికాన్ని కొట్టేయండి, ఇందులో చర్చ అనవసరం.

ఇక రాష్ట్రం విడిపోయాక వచ్చిన తికమక. పాత పది జిల్లాలు యథాతథంగా కూడితే తెలంగాణ 3,51,93,978. విస్తీర్ణం 1,14,840 చదరపు కిలోమీటర్లు. భాగిస్తే జనసాంద్రత 306.46, అంటే 306. కానీ పాత ఖమ్మం మొత్తం తెలంగాణకు రాలేదు. పోలవరం ముంపు పేరుతో చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు పూర్తిగా, భద్రాచలం, బూర్గంపహాడ్ మండలాలు కొంత మేరకు 2014లోనే ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలోనే ఉండిపోయింది. ఆ ప్రాంతం తీసేస్తే తెలంగాణ 3,50,03,674 మంది, 1,12,077 చదరపు కిలోమీటర్లు, సాంద్రత 312.

ఆంధ్రప్రదేశ్ వైపు ఇదే తిరగేసి చూడండి. ముందు 4,93,86,799 మంది, 1,60,205 చ.కి.మీ., సాంద్రత 308. తర్వాత 4,95,77,103 మంది, 1,62,968 చ.కి.మీ., సాంద్రత 304.

ఇప్పుడు మెటీరియల్ వాళ్ల నిర్వాకం. జనాభా పాతది, విస్తీర్ణం కొత్తది పెట్టి భాగిస్తారు. 3,51,93,978ని 1,12,077తో భాగిస్తే 314 వస్తుంది. అలాంటి తెలంగాణ ఏనాడూ లేదు! రెండు రాష్ట్రాలూ కూడి సరిచూసుకుంటే సరిపోతుంది కదా అనకండి. పాత జత కూడినా, కొత్త జత కూడినా అదే 8,45,80,777 వస్తుంది. కూడిక ఇక్కడ కాపలా కాయదు. నా అడ్డదారి ఒకటుంది: తెలంగాణ జనాభాలో చివరి మూడంకెలు చూస్తాను. 978 అయితే పాతది, 674 అయితే కొత్తది. "సుమారు 3.5 కోట్లు" అని గుండ్రంగా రాసిన పుస్తకాన్ని సాంద్రత లెక్కకు వాడనే వాడను.

క్లాసులో దీన్ని దాచకండి, ఇదే మంచి పాఠం. బోర్డు మీద రెండు వరసలూ రాసి, "తెలంగాణలో జనం తగ్గారు, సాంద్రత పెరిగింది, ఎలా?" అని అడిగి ఊరుకోండి. కాసేపు గుసగుసలు పోతారు. తర్వాత తేడాలు తీయించండి: జనం 1,90,304, నేల 2,763 చదరపు కిలోమీటర్లు. భాగిస్తే 69. అడవులు, కొండలున్న పల్చటి ఏజెన్సీ ప్రాంతం వెళ్లిపోయింది కాబట్టి మిగిలినదాని సగటు పెరిగింది. అదే నేల వచ్చి చేరిన ఆంధ్రప్రదేశ్‌లో సగటు తగ్గింది. సాంద్రత అంటే ఏమిటో నిర్వచనం చెప్పించడం కన్నా ఇది నయం. పీపీటీ వద్దు, సుద్దముక్క చాలు.

అక్షరాస్యత గురించి ఒక్క మాట. మొత్తం జనాభాతో భాగించకండి, ఏడేళ్లు నిండినవాళ్లతో భాగించాలి. అంటే 0–6 వయసు పిల్లల్ని ముందే తీసేయాలి. వాళ్ల సంఖ్య హ్యాండ్‌బుక్ పార్ట్-బీలో పక్క గడిలోనే ఉంటుంది. పార్ట్-ఏలో ఊళ్ల సదుపాయాలుంటాయి. ఊళ్లో సౌకర్యం లేకపోతే దూరాన్ని ఇంగ్లిష్ అక్షరాల్లో ఇస్తారు: 'a' అంటే 5 కిలోమీటర్ల లోపు, 'b' అంటే 5 నుంచి 10, 'c' అంటే ఆపైన. హైస్కూల్ గడిలో 'c' ఉన్న ఊళ్లు మీ మండలంలో ఎన్నో పిల్లలతో లెక్కపెట్టించండి. 2027 జనగణన లెక్కలు అచ్చయ్యేదాకా 2011తోనే నెట్టుకురావాలి. అవి రాయడానికి గడప గడపకూ తిరిగేది కూడా ఎక్కువగా మన టీచర్లే.

అభ్యాసం. మీ ఇప్పటి జిల్లాకు 2011 జనాభా, విస్తీర్ణం, సాంద్రత, అక్షరాస్యత మీరే కట్టండి. రెడీమేడ్ అంకె ఎత్తిరాయొద్దు, పాత పుస్తకాల నుంచి మండలాల వారీగా తెచ్చి కూడండి. సిద్దిపేట వాళ్లకు పని ఎక్కువ: మెదక్ పుస్తకం చాలదు, హుస్నాబాద్ కోసం కరీంనగర్, చేర్యాల కోసం వరంగల్ పుస్తకాలు కూడా తిరగేయాలి. ప్రతి అంకె పక్కన ఏ పుస్తకం, ఏ పేజీ అన్నది రాయండి, లేకపోతే చూడను. బూర్గంపహాడ్ తీసుకున్నవాళ్లకు రెండు వారాల గడువు. ఆ మండలం రెండు రాష్ట్రాల మధ్య చీలింది కాబట్టి గ్రామం గ్రామం విడదీసి కూడాలి.