సైకిల్ కొనే ముందు చూసుకోవాల్సినవి

నల్లగొండ నుంచి పొద్దున్నే పానగల్లు చెరువుకట్ట దాకా పోయిరావడానికి 7 గేర్లు చాలు. చవక షాకప్‌ల సైకిల్ వద్దే వద్దు, ఉత్త బరువు.

• చెప్పులతో కాదు, బూట్లేసుకొని కొట్టుకు పోండి. సైకిల్‌కు అటో కాలు ఇటో కాలు వేసి నిలబడితే పై రాడ్డుకూ మీకూ మధ్య 3–5 సెంటీమీటర్ల సందుండాలి.

• సీటెక్కి, కింద ఉన్న పెడల్‌పై మడమ పెడితే కాలు నిటారుగా సాగాలి. సీటు తగ్గితే మోకాలి ముందుభాగం నొస్తుంది, మరీ లేస్తే తొక్కేటప్పుడు నడుము అటూఇటూ ఊగుతుంది. సీటు గొట్టం మీది గీత దాటి లేపొద్దు.

• చక్రం లేపి తిప్పండి. బ్రేకు రబ్బరుకు ఒక్కచోటే రాసుకుంటే రిమ్ము వంకర. స్పోకులు బిగించి సరిచేశాకే డబ్బులివ్వండి.

• టైరు వెడల్పు 35–42 మిల్లీమీటర్లు ఉండాలి. సర్కారు తుమ్మ ముల్లు దానికీ దిగుతుంది, స్పేర్ ట్యూబు, పంపు అప్పుడే కొనండి. ట్యూబు మార్చేటప్పుడు టైరు లోపల గుడ్డతో తుడవండి. విరిగిన ముల్లు మొన మిగిలితే కొత్తదీ పంచరే.