పీహెచ్ లెక్క: లాగ్ వేసేముందు చూడాల్సినవి

ఇంటర్ ఫస్టియర్ పిల్లలు చాలామంది పీహెచ్ లెక్క కనబడగానే లాగ్ వేసేస్తారు, మార్కులు పోయేది అక్కడే. పీహెచ్ అంటే ద్రావణంలో ఉన్న హైడ్రోజన్ అయాన్ల గాఢతకి లాగ్ తీసి, గుర్తు మార్చి రాసే సంఖ్య. లాగ్ చివర్లో చేసే పని, ముందు ఆ యాసిడ్ నీళ్ళలో పూర్తిగా విడిపోతుందా, కొంచెమే విడిపోతుందా చూడండి.

హైడ్రోక్లోరిక్, నైట్రిక్ లాంటివి పూర్తిగా విడిపోతాయి కాబట్టి 0.01 మోలార్ (లీటరుకి 0.01 మోల్) ఇస్తే హైడ్రోజన్ అయాన్ల గాఢత కూడా 10⁻², పీహెచ్ 2. అదే 0.002 మోలార్ ఇస్తే 2×10⁻³, అప్పుడు 3లోంచి లాగ్ 2 తీసేయాలి, 2.70 వస్తుంది. ఈఏపీసెట్‌లో కాలిక్యులేటర్ ఉండదు కదా, అందుకే లాగ్ 2 అంటే 0.3010, లాగ్ 3 అంటే 0.4771 నోటికి వచ్చేయాలి, 4, 5, 6, 8, 9 లాగ్‌లన్నీ వీటి నుంచే రాబట్టుకోవచ్చు.

వెనిగర్‌లో ఉండే అసిటిక్ యాసిడ్ దగ్గర ఇలా కుదరదు. దీని కేఏ (యాసిడ్ ఎంతమేర విడిపోతుందో చెప్పే స్థిరాంకం) 25 డిగ్రీల దగ్గర 1.8×10⁻⁵. 0.1 మోలార్ ద్రావణమైతే కేఏనీ గాఢతనీ గుణించి స్క్వేర్ రూట్ తీయండి, హైడ్రోజన్ అయాన్ల గాఢత 1.34×10⁻³ వస్తుంది, పీహెచ్ 2.87. అంటే నూటికి 1.34 వంతే విడిపోయింది, అదే గాఢతలో హైడ్రోక్లోరిక్ అయితే పీహెచ్ 1 ఉండేది. విడిపోయిన వంతు 5 శాతం దాటితే మాత్రం ఈ షార్ట్‌కట్ వదిలేసి క్వాడ్రాటిక్ ఈక్వేషన్ వేసుకోండి.

పీహెచ్ చూసి యాసిడ్ బలం చెప్పేయకండి, దయచేసి. 10⁻⁵ మోలార్ హైడ్రోక్లోరిక్ పీహెచ్ 5, పైన మన అసిటిక్ పీహెచ్ 2.87, అయినా బలమైనది హైడ్రోక్లోరికే. నీళ్ళు పోస్తే పీహెచ్ మారుతుంది, టెంపరేచర్ మారనంతవరకు కేఏ మారదు, బలం చెప్పేది కేఏనే.

సోడియం హైడ్రాక్సైడ్ లాంటి బేస్ ఇస్తే ముందు పీఓహెచ్ (హైడ్రాక్సైడ్ అయాన్ల గాఢతతో ఇలాగే వేసే లెక్క) కట్టి 14లోంచి తీసేయండి, అంతే.

ఇక బాగా పల్టీ కొట్టించే ప్రశ్న, 10⁻⁸ మోలార్ హైడ్రోక్లోరిక్. 8 అని రాసేస్తారు, యాసిడ్‌కి 7 దాటి పీహెచ్ ఎలా వస్తుందండీ? అక్కడ యాసిడ్ ఇచ్చే అయాన్ల కన్నా నీళ్ళు ఇచ్చేవే ఎక్కువ, వాటినీ కలిపి సరిగ్గా లెక్కేస్తే 6.98 వస్తుంది. ఇలాంటిదే ఇంకోటి, పీహెచ్ 2, పీహెచ్ 4 ఉన్న హైడ్రోక్లోరిక్ ద్రావణాలు సమానంగా కలిపితే 3 రాదు, సగటు తీయాల్సింది గాఢతలకి, 0.01కీ 0.0001కీ సగటు 0.00505, పీహెచ్ 2.30.