జైల్లో లైంగిక నేరస్తులకి కౌన్సెలింగ్ చెయ్యబోతున్నారా, ముందు ఇది చూడండి

సైకాలజీ చదివి ఫస్ట్ టైమ్ జైలుకెళ్ళేవాళ్ళు ఎక్కువగా చేసేది ఏంటంటే, రేప్ కేసులో శిక్ష పడినవాణ్ణి కూర్చోబెట్టి "మీ చెల్లికే ఇలా జరిగితే?" అని మొదలెట్టేస్తారు, వాడు తల దించుకుని ఏడుస్తాడు, మనం నోట్సులో పశ్చాత్తాపం ఉంది అని రాసేసుకుంటాం. ఆ ఏడుపు బాధితురాలి కోసమా, తన శిక్ష కోసమా అని మాత్రం అడగం.

వీళ్ళలో చాలామందికి జాలి బొత్తిగా లేకపోవడం కాదండీ సమస్య. యాక్సిడెంట్‌లో దెబ్బ తగిలినవాళ్ళ గురించి చెప్తే అయ్యో అంటారు, తను పాడుచేసిన మనిషి దగ్గరికొచ్చేసరికే అది ఆగిపోతుంది. కెనడాలో సైకాలజిస్ట్ విలియం మార్షల్ టీమ్ రీసెర్చ్‌లో తేలింది కూడా ఇదే. అడ్డుపడేది ఒక నమ్మకం: "అరవలేదుగా, ఇష్టమే అన్నట్టు", "చిన్నపిల్ల, మర్చిపోతుంది".

అందుకని ముందు దాన్ని పట్టుకోండి. అమెరికన్ సైకాలజిస్ట్ ఆల్బర్ట్ ఎల్లిస్ ఏబీసీ పద్ధతి చాలు. ఏ అంటే జరిగింది, బీ అంటే అప్పుడు మనసులో అనుకున్నది, సీ అంటే దానివల్ల కలిగిన కోపం, చేసిన పని. బీ ని వాడి మాటల్లోనే రాయించండి, బూతులున్నా సరే దిద్దొద్దు. తర్వాత వాదన పెట్టుకోకుండా ప్రశ్న అడగండి, "నిన్ను పోలీసులు తీసుకెళ్ళిన రోజు నువ్వు అరిచావా?" అని. భయానికి గొంతు పెగలకపోవడం అంటే ఏంటో అప్పుడు వాడికే తడుతుంది. ఇంకోటి, బీ లో రాసిన ఆ మాట నేరానికి ముందే ఉందా, కోర్టు మెట్లెక్కాక పుట్టిందా అని కూడా అడగండి, రెండోది అయితే అది పరువు కాపాడుకునే సాకు, దానిమీద నెలలు ఖర్చుపెట్టకండి.

బాధితురాలి పాత్ర వేయించే రోల్‌ప్లేలు నాకైతే నచ్చవు. ఇంగ్లండ్, వేల్స్ జైళ్ళలో ఎస్‌ఓటీపీ అని లైంగిక నేరస్తుల చికిత్స కోసం ఏళ్ళ తరబడి నడిపిన ప్రోగ్రామ్‌లో అవీ ఉండేవి, 2017లో వచ్చిన ప్రభుత్వ రిపోర్టులో ప్రోగ్రామ్ చేసినవాళ్ళలో 10 శాతం, చెయ్యనివాళ్ళలో 8 శాతం మళ్ళీ లైంగిక నేరం చేశారని తేలింది, ప్రోగ్రామ్‌ని ఆ ఏడాదే ఆపేశారు. రోల్‌ప్లేలే కారణమని తేల్చలేదు లెండి. కానీ 2005లో కెనడా రీసెర్చర్ హాన్సన్ వాళ్ళు బోలెడు స్టడీలు కలిపి చూస్తే, బాధితురాలి మీద జాలి లేకపోవడానికీ మళ్ళీ నేరం చెయ్యడానికీ చెప్పుకోదగ్గ లింకు కనపడలేదు, ఎప్పుడూ సెక్స్ ధ్యాసలోనే ఉండటం లాంటివే కనపడ్డాయి. కాబట్టి ఎక్కువ టైమ్ అక్కడ పెట్టండి, విడుదలయ్యాక ఎవరితో ఉంటాడు, పనేంటి, తాగితే ఏం చేస్తాడు అన్నవాటి మీద పెట్టండి.

క్షమాపణ ఉత్తరం రాయించినా ఫైల్లోనే ఉంచండి, పోస్ట్ మాత్రం చెయ్యనివ్వొద్దు. ఆమె అడగని ఉత్తరం ఆమె గుమ్మంలోకి పోకూడదు.