మా చింటూ సోఫా పక్కన ఉచ్చ పోయడం ఎలా మానింది

పోయిన వానాకాలంలో రెండు నెలల నాటు కుక్కపిల్లను తెచ్చుకున్నాం. సోఫా పక్కన ఒకే చోట రోజూ ఉచ్చ. అరిచాను, ఒకసారి దాని ముక్కు తడిలో రాశాను కూడా. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మానలేదు సరికదా, మంచం కింద దాక్కుని పోయడం నేర్చుకుంది.

పశువుల డాక్టరుగారు నవ్వి, "ఆ వయసు పిల్ల రెండు మూడు గంటలకు మించి ఆపుకోలేదండీ" అన్నారు. టీకాలు పూర్తి కాలేదు, పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీసే అంటు జబ్బు) భయం, వీధిలో దింపొద్దన్నారు. అందుకని మేడ మీద ఒక మూల చూపించాం. నిద్ర లేవగానే, తిన్న పావుగంటకు, ఆడుకున్నాక ఎత్తుకుని పరుగు. రాత్రి రెండింటికి అలారం (మా ఆవిడ మాత్రం హాయిగా నిద్రపోయేది). పని కాగానే అక్కడికక్కడే ఉడికించిన గుడ్డు ముక్క. కిందికి వచ్చాక పెడితే దేనికి పెట్టామో దానికి తెలియదు.

అసలు తేడా వచ్చింది నేల దగ్గర. ఫినాయిల్ మన ముక్కుకే, కుక్కకు పాత వాసన తగులుతూనే ఉంటుంది. పైగా నాకితే ప్రమాదం. వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి తుడిచాను. మూడు వారాలు పట్టింది. ఇప్పుడు తనే వెళ్లి తలుపు గీకుతుంది. తలుపు రంగు మాత్రం పోయింది.