శ్రుతి పెట్టె పక్కన పెట్టుకుని క్రౌస్‌ను వినడం

తిరుపతిలో మా ఇంట్లోనే పిల్లలకు కర్ణాటక వయొలిన్ నేర్పుతాను. వర్ణాలు కాస్త చేతికి వచ్చాక పాశ్చాత్య సంగీతం కూడా వినమంటాను. అందరూ మొజార్ట్‌తో మొదలుపెట్టమంటారు, నేను జోసెఫ్ మార్టిన్ క్రౌస్ అనే స్వరకర్త పేరు చెబుతాను. ఇద్దరూ 1756లోనే పుట్టారు. క్రౌస్ జర్మనీలో మెయిన్ నది ఒడ్డున మిల్టెన్‌బర్గ్‌లో పుట్టి, లా చదువుతూ చదువుతూ 1778లో స్వీడన్ వెళ్లిపోయి, అక్కడి రాజు గుస్తావ్ 3 కొలువులో స్థిరపడ్డాడు. క్షయతో 1792లో పోయాడు. మన చెవికి ఈయన త్వరగా పట్టుబడతాడు.

ముందు వెతకడం. ఒట్టి క్రౌస్ అని కొడితే లిలీ క్రౌస్ అనే పియానిస్టు, ఆల్‌ఫ్రెడో క్రౌస్ అనే ఆపెరా గాయకుడు వచ్చి పడతారు. లిలీ క్రౌస్ మొజార్ట్ వాయించడంలో పేరున్న మనిషి కాబట్టి, కొత్తవాళ్లు ఆమెనే విని క్రౌస్‌ను విన్నామనుకునే ప్రమాదం ఉంది. అందుకని పూర్తి పేరు, పక్కన వి.బి. అనే రెండు ఇంగ్లిష్ అక్షరాలు, నంబరు కొట్టండి. బెర్టిల్ వాన్ బోయర్ అనే పరిశోధకుడు ఈయన రచనలన్నిటికీ వేసిన నంబర్లవి. అన్నమయ్య కీర్తనకు రేకు నంబరు ఎలాగో దీనికి ఇది అలాగ. సింఫనీ అంటే పెద్ద వాయిద్య బృందం కోసం భాగాలుగా రాసే రచన. సింఫనీ ఇన్ సి అనే పేరుతో క్రౌస్‌వే ఒకటికి మించి ఉన్నాయి, నంబరు లేకపోతే తికమకే.

మొదట వినాల్సింది వి.బి. 142, సి మైనర్ సింఫనీ. గుస్తావ్ ఖర్చు మీద యూరప్ తిరుగుతూ 1783లో హైడన్ అనే పెద్ద స్వరకర్త కోసం రాశాడు. సి అంటే మన ఒకటో శ్రుతి. శ్రుతి పెట్టె యాప్‌లో ఒకటి పెట్టి సన్నగా మోగించి, సింఫనీ మొదలయ్యాక ఆపేయండి. షడ్జమం చెవిలో నిలబడితే చాలు, తర్వాత ఆ నాదం అడ్డమే, ఎందుకంటే వాళ్ల సంగీతం ఆధారాన్ని మార్చుకుంటూ పోతుంది. మైనర్ అంటే ఒకచోట నటభైరవి ఛాయ, నిషాదం పైకి లేచినచోట కీరవాణి. రాగం కాదు, గమకం కోసం చూడకండి. మొదట్లో నెమ్మదిగా నడిచే భాగంలో ఒక స్వరం కదలనని పట్టుబడుతుంది, పక్కది దాన్ని ఒరుసుకుంటుంది, అప్పుడుగాని మొదటిది కిందికి దిగదు. ఆ ఒరిపిడి దగ్గరే చెవి పెట్టండి. గ్లుక్ అనే పెద్దాయన ఆపెరా ఒకదాని ఆరంభం నుంచి ఆ పోకడ తీసుకున్నాడని అంటారు. వేగం అందుకున్నాక ఇంక ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు వి.బి. 140 తీయండి. ఇదే సింఫనీకి ముందు రూపం, కానీ సి షార్ప్ మైనర్‌లో. అంటే ఒకటిన్నర శ్రుతి! ఆ కాలంలో సింఫనీకి దాదాపు ఎవరూ జోలికి పోని శ్రుతి అది. వాళ్లు వయొలిన్‌ను మనలాగా స-ప-స-ప అని శ్రుతికి తగ్గట్టు మార్చుకోరు, తీగలు ఎప్పుడూ ఒకే చోట ఉంటాయి. కింది రెండు తీగల స్వరాలు ఈ స్కేల్లో లేనే లేవు, కాబట్టి వాటిని ఖాళీగా మోగనివ్వలేరు. అందువల్ల నాదం కాస్త బిగుసుకుని వినిపిస్తుంది. దీంట్లో మినుయెట్ అనే నాట్యపు నడక ఉంది, సి మైనర్‌కు వచ్చేసరికి దాన్ని తీసేసి మూడు భాగాలకు కుదించాడు. రెండూ ఒకే సాయంత్రం వినండి. నాకైతే ముందు రాసిందే ఇష్టం, మా పిల్లలు ఒప్పుకోరు.

రికార్డింగుల సంగతి. నాక్సోస్ కంపెనీకి పెట్టర్ సుండ్‌క్విస్ట్, స్వీడిష్ ఛేంబర్ ఆర్కెస్ట్రాతో సింఫనీలన్నీ నాలుగు భాగాలుగా ఇచ్చాడు. వాయిద్యాలు ఈ కాలానివి, శ్రుతి సరిపోతుంది, నేర్చుకునేవాళ్లకు ఇది చాలు. కాప్రిచియో లేబుల్ మీద కాన్చెర్టో కోల్న్ అనే బృందం వాళ్లవి ఉన్నాయి. వాళ్లవి పాతకాలపు పద్ధతి వాయిద్యాలు. అలాంటి బృందాలు ఈ కాలపు సంగీతానికి ఎ అనే స్వరాన్ని సాధారణంగా 440కి బదులు 430 హెర్ట్జ్ దగ్గర శ్రుతి చేస్తాయి. మీ శ్రుతి పెట్టెకు కలవకపోతే ఫోన్ చెడిందని టెన్షన్ పడకండి, అర మెట్టులో సగానికి కాస్త తక్కువ దిగి ఉంటుంది. మోత ఎక్కువ, ఉద్రేకం ఎక్కువ. సి మైనర్ చివరి భాగానికి నేను వీళ్ల దగ్గరికే వెళతాను.

షఫుల్ తప్పకుండా తీసేయండి, భాగాలు వరుసలో రాకపోతే అంతా దండగ. ఈక్వలైజర్ కూడా ఆపేయండి. ఫోన్ స్పీకర్ పనికిరాదు, ఇయర్‌ఫోన్ కావాలి, ముఖ్యంగా వి.బి. 148కి. 1792లో గుస్తావ్‌ను ముసుగుల నాట్యంలో కాల్చి చంపారు. ఆయన అంత్యక్రియలకు రాసిన సింఫనీ ఇది. గుడ్డ కప్పిన టింపనీ అనే పెద్ద డోళ్ల దెబ్బలతో మొదలవుతుంది, నాలుగు భాగాల్లో ఒక్కటీ పరుగెత్తదు. ఫోన్ స్పీకర్‌లో ఆ దెబ్బలు మాయమైపోతాయి. ఇంకో జాగ్రత్త, ఇంట్లో పెద్దవాళ్లుంటే పొద్దున పెట్టకండి. వీధంతా సుప్రభాతం వినిపించే వేళ నేను దీన్ని పెడితే మా అత్తగారు, “ఏంది మే, పొద్దన్నే ఈ చావు మేళం?” అన్నారు. ఆమె చెవి సరిగ్గానే పట్టింది మరి.

వయొలిన్ వాళ్లు వి.బి. 151 కాన్చెర్టో, అంటే ఒక్క వయొలిన్ ముందు నిలబడి బృందంతో కలిసి వాయించే రచన, వినొచ్చు, తకాకో నిషిజాకి వాయించింది. తీరిగ్గా ఉంది, కొంచెం పొడుగు. పియానో రచనలు రొనాల్డ్ బ్రౌటిగమ్, బిస్ లేబుల్ మీద ఫోర్టెపియానో అనే పాతకాలపు పియానోపై వాయించాడు, గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు వినండి. వియోలా, అంటే వయొలిన్ కంటే కాస్త పెద్ద వాయిద్యం, దాని కాన్చెర్టోల దగ్గర మాత్రం పేరుతో పేచీ ఉంది. చాలాకాలం వాటిని రోమన్ హాఫ్‌స్టెటర్ అనే సన్యాసి ఖాతాలో వేశారు. హైడన్ పేరుతో చెలామణి అయిన కొన్ని క్వార్టెట్లు, అంటే నలుగురు వాయించే రచనలు, కూడా ఈ సన్యాసివేనంటారు, విచిత్రం. డేవిడ్ ఆరన్ కార్పెంటర్ ఆ వియోలా కాన్చెర్టోలను క్రౌస్ పేరుతోనే ఓండీన్ లేబుల్‌కు వాయించాడు. పాత రికార్డు ఏదైనా దొరికి, దాని మీద హాఫ్‌స్టెటర్ అని ఉంటే పక్కన పడేయకండి, అదీ వినండి.