పెద్ద బండికి ఎప్పుడు మారాలి: ఒక వైజాగ్ మెకానిక్ లెక్క

"అన్నా, బండి మార్చేద్దామనుకుంటున్నా. 350 తీసుకోనా, 390 తీసుకోనా?" కంచరపాలెంలో నా షెడ్డుకి వచ్చే కుర్రాళ్లలో ఈ మాట అడగనివాళ్లు తక్కువ. నేను వెంటనే జవాబు చెప్పను. వాళ్లు తెచ్చిన పాత బండి ముందు చక్రం దగ్గర కూర్చుంటాను. ఏ భాగం ఎంత అరిగిందో చూస్తే నడిపేవాళ్ల సంగతి చాలావరకు తెలిసిపోతుంది. ఎంత స్పీడు కొట్టగలరన్నది నాకు అక్కర్లేదు, బండిని ఎలా ఆపుతారో చూస్తాను.

ముందు డిస్క్ ఉన్న బండిని సరిగ్గా నడిపితే ముందు ప్యాడ్లు బాగానే అరగాలి. బ్రేక్ వేయగానే బరువు ముందు చక్రం మీదికి వస్తుంది, వెనక చక్రం తేలికైపోతుంది. అందుకే బండిని నిజంగా ఆపేది ముందు బ్రేకే. నా దగ్గరికి వచ్చే బండ్లలో తరచూ ఇది తలకిందులుగా ఉంటుంది. వెనక షూలు చివరికొచ్చేసి ఉంటాయి, ముందు ప్యాడ్లు మాత్రం మొన్న వేసినట్టుంటాయి. అడిగితే, "ముందు బ్రేక్ కొడితే పల్టీ కొడతాం కదన్నా" అంటారు. ఆ భయం ఉన్నంతకాలం పెద్ద బండి వద్దనే చెబుతాను, వాళ్ల నాన్న డబ్బుతో రెడీగా ఉన్నా సరే.

125 సీసీ లోపు బండ్లు వాడేవాళ్లకు ఇంకో చిక్కుంది. 2019 ఏప్రిల్ నుంచి ఈ చిన్న బండ్లకు కాంబీ బ్రేక్ వస్తోంది. వెనక బ్రేక్ తొక్కితే ముందు బ్రేక్ కూడా కొంత పడుతుంది. దాంతో కాలితోనే పని అయిపోతోందనుకుని చెయ్యి బద్ధకం నేర్చుకుంటుంది. 125 దాటిన బండికి ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేక్ వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, తప్పనిసరి. వాటిలో చాలావాటికి ముందు బ్రేక్ వేళ్లతోనే వేయాలి, పెడల్ తొక్కితే వెనకదే పడుతుంది. అరవై, డెబ్బై కిలోలు ఎక్కువ బరువున్న బండిని అలవాటు కొద్దీ కాలితో మాత్రమే ఆపబోతే, ఆగాల్సిన చోటు దాటాక ఆగుతుంది. అదృష్టం ఉంటేనే అనుకోండి.

తరువాత క్లచ్. ప్లేట్లు తొందరగా కాలిపోతున్నాయంటే ఎన్‌ఏడీ కొత్తరోడ్డు దగ్గరో కాన్వెంట్ జంక్షన్ దగ్గరో ట్రాఫిక్‌లో క్లచ్ సగమే నొక్కి, హాఫ్ క్లచ్ మీద బండిని వేలాడదీస్తున్నారని అర్థం. లివర్ల చివర్లు గీసుకుపోయి ఉంటే, నిలబెట్టిన బండినే పడేసుకుంటున్నారు. మలుపుల్లో బండిని వంచి టైరు అంచులు వాడారా లేదా అని కూడా చూస్తాను గానీ దానికి పెద్ద విలువ ఇవ్వను. రోజూ గాజువాక నుంచి ఆఫీసుకి తిన్నగా వెళ్లివచ్చేవాళ్ల టైరు మధ్యలోనే అరుగుతుంది, అది వాళ్ల తప్పు కాదు.

బలం తగ్గింది బండికేనా?

"పికప్ రావట్లేదు, అందుకే మారుస్తా" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మందు షోరూమ్‌లో దొరకదు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉంటుంది, టైర్లలో గాలి తగ్గి ఉంటుంది, వెనక బ్రేక్ కొంచెం పట్టేసి ఉంటుంది. మన ఊళ్లో వీటికి తోడు ఉప్పుగాలి. పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీ, రుషికొండ వైపు బయట నిలబెట్టే బండ్ల చైన్లు తుప్పు పట్టి లింకులు బిగుసుకుపోతాయి. ఆ చైన్‌ని తిప్పడానికే ఇంజన్ బలం కొంత పోతుంది.

క్లచ్ జారుతోందేమో మీరే చూసుకోవచ్చు. ఖాళీ రోడ్డు మీద టాప్ గేర్‌లో నలభైలో వెళ్తూ ఒక్కసారిగా రైజ్ చేయండి. ఇంజన్ శబ్దం పెరిగి, బండి వేగం మాత్రం వెంటనే అందుకోకపోతే ప్లేట్లు అయిపోయాయి. ఇవన్నీ బాగు చేయించి ఒక నెల నడపండి. ఆ తరువాత కూడా మారాలనిపిస్తే అప్పుడు మాట్లాడుకుందాం. ఇలా చెప్పి గిరాకీ పోగొట్టుకుంటానని పక్క షెడ్డాయన నవ్వుతాడు. సర్వీసు గిరాకీ నాదే కదా, పోయేదేముంది.

నిజంగా అవసరం ఉన్నవాళ్లూ వస్తారు. మధురవాడలో ఇల్లు, పరవాడ ఫార్మా కంపెనీలో షిఫ్టులు చేసే ఒకాయన 100 సీసీ బండి మీద రోజూ హైవే పట్టుకుని వెళ్లేవాడు. డెబ్బైలో పోతున్న ట్రైలర్‌ని దాటాలంటే పూర్తిగా రైజ్ చేసినా మిగులు ఉండేది కాదు. లారీ పక్కన బండి నింపాదిగా పాకుతూ ఉంటుంది, వెనక నుంచి బస్సు హారన్ కొడుతుంది. బండి సరిపోవడం లేదనడానికి ఇది సరైన కారణం. ఇద్దరు మనుషులు, సామాను బ్యాగు వేసుకుని తరచూ అరకు వెళ్లేవాళ్లదీ అంతే. శృంగవరపుకోట దాటి ఘాట్ మొదలయ్యాక రెండో గేరులో ఇంజన్ మూలుగుతుంటే, వెనక వచ్చే ఆర్టీసీ బస్సుకి దారి ఇవ్వడానికి కూడా బలం ఉండదు.

అవసరం ఉందో లేదో తేల్చుకోవడానికి ఒక నెలపాటు గమనించండి. పూర్తిగా రైజ్ చేసినా చాలలేదని ఎక్కడెక్కడ అనిపించింది? అది హైవేలోనో, ఘాట్‌లోనో, డబుల్స్‌లోనో అయితే లెక్కలోకి వస్తుంది. రుషికొండ రోడ్డులో ఫ్రెండు బండి ముందుకెళ్లిపోయినప్పుడు మాత్రమే అనిపిస్తే రాదు.

మూడు పరీక్షలు

మన దేశంలో గేరు బండి లైసెన్స్ ఒకటి ఉంటే 100 సీసీ అయినా 1000 సీసీ అయినా నడపొచ్చు. యూరప్‌లో అలా కాదు. అక్కడ ఏ2 లైసెన్సు ఉన్నవాళ్లు 35 కిలోవాట్లు, అంటే సుమారు 47 హార్స్‌పవర్ దాటిన బండి ముట్టుకోకూడదు. రెండేళ్లు గడిచాక మళ్లీ పరీక్షో శిక్షణో పూర్తి చేస్తేనే పై మెట్టు. ఇక్కడ మనల్ని ఎవరూ ఆపరు కాబట్టి పరీక్ష మనమే పెట్టుకోవాలి.

మొదటిది బ్రేక్. ఆదివారం పొద్దున్నే ఎవరూ లేని గ్రౌండులోనో, కొత్తగా వేసిన లేఅవుట్ రోడ్డులోనో ఒక గీత గీసుకోండి. ఇసుక లేకుండా చూసుకోండి. ముప్పైలో వచ్చి గీత దగ్గర రెండు బ్రేకులూ వేయండి. ముందు లివర్‌ని గుంజకూడదు. మొదట మెత్తగా పట్టుకుని, బరువు ముందుకి వచ్చాక గట్టిగా నొక్కాలి. తరువాత నలభైలో, ఆ తరువాత యాభైలో. మీ బండికి ఏబీఎస్ ఉంటే లివరో పెడలో వేలి కింద, కాలి కింద టకటకమని కొట్టుకుంటుంది. చాలామంది ఆ కొట్టుకోవడానికి బెదిరి బ్రేక్ వదిలేస్తారు. వదలకూడదు, పట్టుకునే ఉండాలి. ప్రతిసారీ తిన్నగా, దాదాపు ఒకే చోట ఆగగలిగేదాకా ఇది చేయాలి.

ఎందుకింత పట్టుదల అంటే, ఆగడానికి కావాల్సిన దూరం వేగం పెరిగినంతే పెరగదు, అంతకంటే ఎక్కువగా పెరుగుతుంది. పొడి రోడ్డు మీద అరవైలో మంచి బ్రేక్ వేస్తే 20 మీటర్లలో ఆగే బండికి ఎనభైలో 35 మీటర్లు పైనే కావాలి. ఇది బ్రేక్ పడ్డాక లెక్క. కళ్లు చూసి వేళ్లు కదలడానికి పట్టే ఒక సెకనులో ఎనభై మీద ఇంకో 22 మీటర్లు పోతాం. పెద్ద బండి మీద ఎనభై అన్నది అరవైలాగే అనిపిస్తుంది, అసలు ప్రమాదం అక్కడే ఉంది.

రెండోది ఎనిమిది. ఆర్టీఓ ఆఫీసులో వేసిన ఎనిమిదే, కాకపోతే ఇంకా చిన్నది. మొదటి గేరులో, కాలు కింద పెట్టకుండా, వెనక బ్రేక్‌ని కొద్దిగా తొక్కుతూ, క్లచ్‌తో సర్దుకుంటూ తిప్పాలి. కళ్లు ముందు చక్రం మీద కాదు, తిరగబోయే వైపు ఉండాలి. 112 కిలోల స్ప్లెండర్ ఒరిగితే కాలు ఆపుతుంది. 195 కిలోల రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 ఒక హద్దు దాటి ఒరిగాక కాలు ఆపలేదు.

మూడోది దిగుడు. సింహాచలం ఘాట్ ఎక్కడం ఎవరైనా ఎక్కుతారు. దిగేటప్పుడు ఏ గేరులో దిగుతున్నారో చూసుకోండి. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్ వేసి జారేవాళ్లు ఇంకా ఉన్నారు. ఎక్కేటప్పుడు వాడిన గేరులోనే ఇంజన్ పట్టు మీద దిగాలి, మలుపుకి ముందే వేగం తగ్గాలి, మలుపులో బ్రేక్ అక్కర్లేకుండా పోవాలి. యారాడ దిగుడులో వెనక మనిషిని కూర్చోబెట్టుకుని, ఆ మనిషి మీ భుజం పట్టుకోకుండా కిందికి దిగారంటే మీరు పాసు.

సీసీ చూసి మోసపోవద్దు

సీసీ అనేది గిన్నె సైజు లాంటిది. అందులో ఎంత వండారన్నది వేరే సంగతి. క్లాసిక్ 350లో 349 సీసీ ఉన్నా వచ్చేది 20 హార్స్‌పవర్. 2023లో వచ్చిన కేటీఎం 390 డ్యూక్‌లో 399 సీసీ, 45 దాకా వస్తుంది, బరువు 168 కిలోలే. బండి బరువు ప్రతి వంద కిలోలకీ ఎంత బలం ఉందో లెక్కేస్తే స్ప్లెండర్‌కి సుమారు 7, పల్సర్ 150కి తొమ్మిదిన్నర, క్లాసిక్‌కి 10, డ్యూక్‌కి 27 వస్తుంది. పల్సర్ నుంచి క్లాసిక్‌కి వెళ్తే బలంలో పెద్ద తేడా ఉండదు, బరువులోనే ఉంటుంది. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు, అంటే కింది ఆర్‌పీఎమ్‌లో, లాగుడు బావుంటుంది కాబట్టి ఘాట్‌లో డబుల్స్‌కి హాయి. స్ప్లెండర్ దిగి తిన్నగా 390 ఎక్కితే మాత్రం చెయ్యి కొంచెం ఎక్కువ తిరిగినా ముందున్న ఆటో డిక్కీలోకి వెళ్తాం. 100 నుంచి వచ్చేవాళ్లకు మధ్యలో 150, 160, లేదా 200 ఒకటి ఏడాది రెండేళ్లు నడపమంటాను. సెకండ్ హ్యాండ్ చాలు.

షోరూమ్‌లో టెస్ట్ రైడ్ కంటే ముందు బండి దిగి, ఇంజన్ ఆపి, వెనక్కి నెట్టి చూడండి. వైజాగ్ గుట్టల మీద ఊరు. వీధి వాలుగా ఉండి, గేటు ఎత్తులో ఉంటే, దాదాపు రెండొందల కిలోల బండిని రాత్రి డ్యూటీ నుంచి వచ్చి లోపలికి తొయ్యగలరా? రెండు మడమలూ నేలకి ఆనకపోయినా పర్వాలేదు, పాదం ముందు భాగాలు గట్టిగా ఆనాలి. ఇంకో సంగతి వేడి. ఎక్కువ బలమున్న ఒంటి సిలిండర్ ఇంజన్లు మే నెలలో సిగ్నల్ దగ్గర తొడలకి తగులుతాయి. టెస్ట్ రైడ్ పొద్దున తొమ్మిదికి కాకుండా మధ్యాహ్నం అడగండి, మద్దిలపాలెం మీదుగా తిప్పుకుని రండి.

డబ్బు సంగతి

ఈఎంఐ అందరూ లెక్కేస్తారు, మిగతావి వేయరు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు జీఎస్టీ 18 శాతం, అది దాటితే 40. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్‌కి కూడా 350 దగ్గరే గీత. 2022లో ఖరారైన రేట్లలో 150 నుంచి 350 వరకు ఏడాదికి 1,366 రూపాయలు, 350 దాటితే 2,804. అరవై ఇచ్చే బండి నుంచి వస్తే 350 మైలేజ్ దాదాపు సగానికి పడిపోతుంది, 400లు ఇంకా తక్కువ. 390 లాంటివాటి వెనక టైరు ఒక్కటే చిన్న బండి రెండు టైర్ల ఖర్చు దాటుతుంది. మంచి హెల్మెట్ రెండు, గ్లౌజులు, జాకెట్ కూడా బండి ధరలోనే కలిపి చూసుకోండి. ఆ డబ్బు మిగలకపోతే బండి ఒక మెట్టు తగ్గించండి. బీచ్ దగ్గర ఇల్లయితే కవర్ కప్పి వదిలేయకుండా వారానికోసారి మంచినీళ్లతో కడిగి, ఆరాక చైన్‌కి లూబ్ వేయాలి. తడి బండి మీద కవర్ కప్పితే తుప్పు ఇంకా తొందరగా వస్తుంది.

కొన్నాక మొదటి నెల డబుల్స్ వద్దు, వర్షంలో దూరం వద్దు. రోజూ తిరిగే దారిలోనే తిప్పండి, ఎక్కడ గుంత ఉందో తెలిసిన చోట కొత్త బండిని నేర్చుకోవడం తేలిక. గ్రౌండుకి మళ్లీ వెళ్లి ఆ మూడు పరీక్షలూ కొత్త బండి మీద పెట్టుకోండి. ఆ తరువాత భీమిలి వరకు ఒక పొద్దు, గాలికి రోడ్డు మీదికి వచ్చే ఇసుక చూసుకుంటూ. హైవే అలవాటుకి ఆనందపురం నుంచి పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లి వెళ్లే ఆరు వరసల రోడ్డు మంచిది, లారీల వెనక గాలి ఎలా కొడుతుందో అక్కడ తెలుస్తుంది. అరకు చివరన పెట్టుకోండి, అదీ ఫస్ట్ సర్వీసు అయ్యాక.

పాత బండిని ఎక్స్చేంజ్‌లో వెంటనే ఇచ్చేయమని షోరూమ్‌వాళ్లు తొందరపెడతారు. ఇంట్లో చోటుంటే రెండు నెలలు ఉంచుకోండి. పూర్ణా మార్కెట్‌కి కూరగాయలకి ఏ బండి తాళం తీస్తున్నారో గమనించి, అప్పుడు అమ్మండి.